ఊఁ కొట్టిన మహారాజు, దారిబత్తెం అడిగిన నూకరాజు

"కథలు చెప్ప వచ్చినవారందరికీ తెలియజేయడమేమంటే! నచ్చినవారికి కబురు వస్తుందహో! తక్కినవారు పొద్దు గుంకేలోగా సత్రం ఖాళీ చేసి ఎవరి దారిన వారు పోవాలహో!"

వీధి ఆ చివర నుంచి డప్పు మోత కన్నా ముందు కేక వచ్చింది. సత్రం అరుగు మీద అప్పుడే మూట దించి కాళ్ళు చాపుకోబోతున్న నూకరాజు, చాపబోయిన కాలు మళ్ళీ ముడుచుకున్నాడు.

ఈ కేక వినబడ్డది ఒకానొక రాజ్యంలో. దాని పేరు వేణుకోట. పెద్దేటి గట్టు మీద కోట, కోటలో విజయభూపతి మహారాజు, మహారాజు చెవి పక్కన దివాను భీమశంకరం గారు. మహారాజు మనసు వెన్నే. కాకపోతే ఆ వెన్న చుట్టూ గొప్పల గోడ ఒకటి కట్టుకున్నారు. ఆయన తుమ్మితే ఎవరో ఒకరు 'చిరంజీవ' అనాలి. అనకపోతే రెండో తుమ్ము ఆపుకుని మరీ సభ వైపు చూస్తారు.

ఆయనకు రోజూ సాయంత్రం ఏటి మీద పడవ షికారు ఉండాలి, షికారులో కథ ఉండాలి. ఆస్థాన కథకుడు పాపం ముసలివాడై, పళ్ళన్నీ రాలి, రాక్షసుడి గర్జన కూడా ఉయ్యాల్లో పిల్ల 'ఉంగా' అన్నట్టు వినబడుతుంటే, శాలువా కప్పి సెలవిచ్చి పంపారు. బాగా కథ చెప్పేవాడికి ఆ కొలువు ఇస్తామని ఊరూరా దండోరా వేయించారు. ఏటికి ఎగువ నుంచీ దిగువ నుంచీ కథకులు బయలుదేరారు.

అదిగో, అక్కడ దివానుగారి బుర్రలో దీపం వెలిగింది. కొలువిస్తే ఏడాది పొడుగునా గింజలు కొలవాలి. పరీక్ష పెడితే కథ ఊరికే వస్తుంది. రోజుకో కొత్తవాడు, రోజుకో కొత్త కథ. అందుకని ప్రతి సాయంత్రం మహారాజు చెవిలో, "వీడూ ఫరవాలేదు గానీ ప్రభూ, ఇంతకన్నా మంచివాడు రేపు రావచ్చు," అనేవారు. మహారాజుకూ ఆ మాట రుచిగానే ఉండేది. ఉగాదికి మొదలైన పరీక్ష తొలకరి పడ్డా తెమల్లేదు.

ఈ సంగతంతా నూకరాజుకు సత్రంలో గంగులయ్య అనే ముసలి కథకుడు చెప్పాడు. దగ్గుకూ దగ్గుకూ మధ్య మాట దూర్చుకుంటూ చెప్పాడు. ఆయన మహారాజుకు మూడు కథలు చెప్పి, కబురు కోసం చూసి చూసి, తిరుగుదారి ఖర్చుకు ఆ పొద్దునే తన తంబూరా అమ్ముకున్నాడు. "తంబూరా పోతే పోయింది నాయనా, కథ మాత్రం వాళ్ళకు నచ్చింది," అన్నాడు. అదేదో లాభమన్నట్టు.

నూకరాజు ఖాళీ మొలసంచి తడుముకున్నాడు. ఎందుకంటే అతని సంగతి ఇలా ఉంది.

అతనిది ఏటికి బాగా దిగువన పొన్నలంక. దిగువ నుంచి కోటకు రావాలంటే పడవ ఏటికి ఎదురు రావాలి. గాలి లేని రోజుల్లో పడవకు తాడు కట్టి గట్టు మీద మనుషులు లాగాలి. అందుకని ఎగువకు బాడుగ ఎక్కువ. దిగువకు పోవడానికేముంది, ఏరే మోసుకుపోతుంది. ఆ ఎగువ బాడుగ కోసం నూకరాజు విత్తనాల వడ్లు బస్తా అమ్మేశాడు. పెళ్ళాం సత్తెమ్మ బస్తా మీద కూర్చుని లేవనంది. కొలువు దొరికినా దొరక్కపోయినా దారిబత్తెం అడిగి తెస్తానని, రమ్మని పిలిచినవాళ్ళు ఆ మాత్రం ఇవ్వకుండా ఉంటారా అని ఒప్పించి లేపాడు. దుక్కి తడి ఆరేలోగా విత్తనం పడాలి. పడకపోతే ఆ ఏడాదంతా ఇంటిల్లిపాదికీ గంజే.

మర్నాడు పొద్దున్నే కచేరీకి వెళ్ళి దివానుగారికి దండం పెట్టి, తనకూ గంగులయ్యకూ దారిబత్తెం ఇప్పించమని అడిగాడు. కచేరీలో రాసుకుంటున్నవాళ్ళందరూ ఘంటాలు ఆపారు. అలాంటి మాట ఆ గోడలు వినలేదు.

దివానుగారు బొజ్జ కదిలేలా నవ్వి, "ఏమోయ్, పెళ్ళిచూపులకు వెళ్ళినవాడు పిల్ల తండ్రిని బండి బాడుగ అడుగుతాడా?" అన్నారు.

"అడగడండి," అన్నాడు నూకరాజు. "కానీ అక్కడ కాళ్ళకు నీళ్ళిస్తారు, పళ్ళెంలో అరిసెలు పెడతారు. పిల్ల నచ్చకపోయినా అరిసెలు నచ్చాయని చెప్పుకుంటూ ఇంటికి పోవచ్చు."

కచేరీలో ఎవరో కిసుక్కుమన్నారు. దివానుగారి నవ్వు అక్కడితో ఆగిపోయింది. ఈ మాటకారిని మహారాజు ముందే అణచాలని, సభలోకి తీసుకుపోయి, వీడు కొలువులో చేరకముందే ఖర్చులు అడుగుతున్నాడని ఫిర్యాదు చేశారు.

మహారాజు మీసం మీద చెయ్యి వేశారు. ఆయనకు తీర్పు చెప్పడమంటే విందు భోజనంతో సమానం. గొంతు సవరించుకుని, "ఎవరు ఎవరి గడపకు తమ పని మీద వస్తే, రానూ పోనూ ఖర్చు వారిదే. ఇది మా శాసనం," అన్నారు.

నూకరాజు చేతులు కట్టుకుని, ఈ శాసనం చిన్నవాళ్ళకేనా, పెద్దవాళ్ళకు కూడానా అని చాలా అమాయకంగా అడిగాడు.

"మా మాట మాక్కూడా మాటే," అన్నారు మహారాజు. సభ అంతా ఆహా అంది. ఆ ఆహాకు మహారాజు ఎంత మురిసిపోయారంటే, ఆ మాటను అప్పటికప్పుడే డప్పు మీద చాటించమన్నారు. మధ్యాహ్నానికల్లా చాటించారు కూడా.

అప్పుడు నూకరాజు, బత్తెం సంగతి పోనివ్వండి ప్రభూ, ఈ సాయంత్రం పరీక్షలో మాత్రం రెండే రెండు మనవులు అన్నాడు. కథ నడుస్తుండగా ఊఁ కొట్టేవారు తప్ప పడవలో ఎవరూ నోరు విప్పకూడదు. తమరు నోటితో 'చాలు' అనేదాకా పడవ వెనక్కి తిప్పకూడదు. పడవ తిరిగితే కథకు దిక్కు మారిపోతుందని కారణం చెప్పాడు.

చాలు అనడానికి తమకెంతసేపని మహారాజు ఒప్పేసుకున్నారు. దివానుగారు కూడా, వీడి కథ గట్టు దాటకుండానే చాలు అనిపిస్తానని లోపల అనుకుని తలూపారు.

ఊఁ కొట్టడం గురించి ఒక మాట చెప్పాలి. ఊఁ కొట్టేవాడు లేకపోతే ఎంతటి కథైనా నడవదు, చమురు లేని బండిచక్రంలా కీచుమంటుంది. మన ఇళ్ళలో పసిపిల్లలకు కూడా తెలిసిన సంగతే. కానీ విజయభూపతి మహారాజు ఊఁ కొట్టరు. ఎవడో చెప్పేదానికి ఊఁ అనడం తమ స్థాయికి తక్కువని ఆ పని దివానుగారికి అప్పజెప్పారు. రోజూ కథ వినేది మహారాజు, ఊఁ కొట్టేది దివానుగారు.

ఆ సాయంత్రం పడవ కదిలింది. పరుపు మీద మహారాజు, ఎదురుగా నూకరాజు, పక్కన దివానుగారు, వెనక చుక్కాని పట్టుకుని పడవ నడిపే తండేలు, తెడ్లు వేసే నలుగురు. ఏటికి కొత్తనీరు వచ్చి ఉంది. తెడ్డు వెయ్యకుండానే పడవ దిగువకు పరుగు తీస్తోంది.

నూకరాజు కథ ఎత్తుకున్నాడు. ఒక ఊళ్ళో ఒక షావుకారు ఉన్నాడు. ఊఁ అన్నారు దివానుగారు. ఆ షావుకారు పెరట్లో కొత్త నుయ్యి తవ్వించాడు. ఊఁ. నీళ్ళు పడ్డాయి, పాలలాంటి తియ్యటి నీళ్ళు. ఊళ్ళో అందరికీ పప్పన్నం పెట్టాడు, మేళం పెట్టించాడు. మర్నాడు పొద్దున షావుకారు భార్య నూతిలో చేద వేసింది. చేదలో నీళ్ళు రాలేదు. అన్నం మూట కట్టుకునే పాత గుడ్డ ఒకటి వచ్చింది, ఖాళీది, ముడి విప్పి ఉంది.

మహారాజు పరుపు మీద వెనక్కి వాలి ఉన్నవారు కాస్త ముందుకు జరిగారు.

మరునాడు చేద వేస్తే తలపాగా వచ్చింది. మూడోనాడు గునపం వచ్చింది. పైగా మిట్టమధ్యాహ్నం వేళ నూతిలోంచి ఎవరో మూలుగుతున్నట్టు వినబడసాగింది. షావుకారు భూతవైద్యుణ్ణి పిలిపించాడు. వాడు నూతిలో నాగకన్య ఉందనీ, నిధికి కాపలా కాస్తోందనీ, తనకు పట్టుపంచె పెడితే మాట్లాడతాననీ అన్నాడు. జ్యోతిష్కుడొచ్చి, తలపాగా వచ్చిందంటే నీకు రాజయోగం ఉందన్నాడు. షావుకారు ఆ తలపాగా పెట్టుకుని ఊరేగాడు.

మహారాజుకు నవ్వు వచ్చింది, ఆపుకున్నారు. ఇంకా ముందుకు జరిగారు.

ఇక్కడ దివానుగారి అవస్థ చూడాలి. రోజూ పడవ తిప్పే రాతిమండపం దాటిపోయింది. ఆయన తండేలు వైపు చూశారు, తండేలు ఆకాశం వైపు చూశాడు. చింతతోపు దాటింది. ఊఁ. శ్మశానం రేవు దాటింది. ఊఁ... నోరు విప్పకూడదని మాట, విప్పగలిగింది ఊఁ ఒక్కటే. అందుకని ఆయన చెప్పదలచుకున్నదంతా ఊఁలోనే పెట్టడం మొదలుపెట్టారు. మొదట హెచ్చరికగా అన్నారు, తర్వాత బతిమాలినట్టు అన్నారు, చివరికి ఆ ఊఁ దూడ తప్పిపోయిన ఆవు అరుపులా తయారైంది. మహారాజు మాత్రం, దివానుకు కూడా కథ ఎంత హత్తుకుందో అనుకున్నారు.

దీపాలు పెట్టే వేళైంది. నూకరాజు ఒక్క కన్ను గట్టు మీద వేసి, కథను సన్నగా లాగుతూ, అప్పుడు షావుకారు నలుగురు వస్తాదుల్ని పిలిచి, మోకు తెప్పించి నూతిలోకి దింపాడన్నాడు. అడుగున ఎవరో మోకు పట్టుకున్నారు. బరువుగా ఉంది. పైవాళ్ళు లాగుతున్నారు, లాగుతున్నారు. నూతి వరల మీదికి ముందు రెండు చేతులు వచ్చాయి. ఆ తర్వాత...

అప్పుడే పడవ మెత్తగా ఇసుకను తాకింది. నూకరాజు లేచి పైపంచె దులుపుకున్నాడు.

"ప్రభూ, మా రేవు వచ్చింది. పరీక్ష ఇంతటితో అయింది. నచ్చితే కబురు చెయ్యండి."

మహారాజు పరుపు మీంచి లేచారు. ఆ తర్వాత చుట్టూ చూశారు. కోట లేదు, దీపాల వరస లేదు. అరటితోటలు, ఇసుక తిన్నె, గుడిసెల మీద వంట పొగ. అప్పటికి నోరు విప్పే వీలు దొరికిన దివానుగారు దారిపొడుగునా దాచుకున్న మాటలన్నీ ఒకేసారి కక్కారు. వీడు దగాకోరనీ, మోసం చేసి తెచ్చాడనీ అన్నారు.

"నేను తెడ్డు ముట్టలేదండి," అన్నాడు నూకరాజు. "ఏరు తెచ్చింది. చాలు అనే మాట దారిపొడుగునా ప్రభువుల నోట్లోనే ఉంది."

అది నిజమే. మహారాజు పడవ వెనక్కి తిప్పమన్నారు. అప్పుడు తండేలు చేతులు నలుపుకుంటూ, గాలి పడిపోయిందనీ, ఈ వరదలో నాలుగు తెడ్లతో ఎదురెక్కడం అయ్యే పని కాదనీ, మోకు లాగేవాళ్ళు కావాలనీ చెప్పాడు.

మోకు లాగేవాళ్ళు గట్టు మీదే ఉన్నారు. ఆ ముఠాకు పెద్ద చిట్టెమ్మ, నూకరాజు అత్తగారు. మొగుడు పోయాక ముఠాను తనే నడుపుతోంది. మనిషి రోకలిలా ఉంటుంది, మాట అంతకన్నా గట్టి. ఆవిడ రేవులోకి వచ్చి, పడవనూ పరుపునూ మీసాలనూ చూసి దండం పెట్టింది.

"లాగుతాం మారాజా. ఎదురు లాగుడికి బాడుగ ముందివ్వాలి. రేవు ఆచారం."

మహారాజులు నడుముకు రూకలు కట్టుకు తిరగరు. దివానుగారు ఖజానా అంతా కోటలో పెట్టి వచ్చారు. కోట చేరగానే ఇస్తామన్నారు మహారాజు. కోటకు పోయినవాళ్ళందరికీ కబురు వస్తుందనే చెప్పారు, ఏ ఒక్కరికీ రావడం మేం చూళ్ళేదంది చిట్టెమ్మ. వేలి ఉంగరం తీసి ఇవ్వబోయారు. "వద్దు బాబూ. అది నా చేతికి చూస్తే రేపు మీ తలారే నన్ను దొంగని కట్టేస్తాడు," అంది. ఆ మాటా నిజమే.

మహారాజుకు కోపం వచ్చింది. అంత కోపమూ నూకరాజు మీదికి తిప్పి, "మమ్మల్ని ఇక్కడిదాకా తెచ్చినవాడివి నువ్వు. తిరిగి చేర్చే బాధ్యత నీది కాదా?" అన్నారు.

నూకరాజు వంగి దండం పెట్టాడు. "అదే కదా ప్రభూ నేను పొద్దున కచేరీలో అడిగింది. నన్ను రప్పించినవారు తమరు, తిరిగి చేర్చే భారం తమది కాదా అని. ఎవరు ఎవరి గడపకు తమ పని మీద వస్తే రానూ పోనూ వారిదేనని మధ్యాహ్నం డప్పు వేయించారు. కథ వినాలన్న పని తమరిది, గడప మాది."

అంతలో మహారాజు కడుపు గుర్రుమనడం అందరికీ వినబడింది. విననట్టే అందరూ ఏటివైపు చూశారు.

సరిగ్గా అప్పుడే సత్తెమ్మ చంకలో నీళ్ళబిందెతో గట్టు దిగి వచ్చింది. మొగుణ్ణి చూసిందే గాని మహారాజును చూసుకోలేదు.

"ఏమయ్యా, విత్తనాల డబ్బు తెచ్చావా? దుక్కి ఆరిపోతోంది."

ఇంత మాటకారి నూకరాజూ లేదన్నట్టు తల అడ్డంగా ఆడించాడు. సత్తెమ్మ బిందె ఇసుకలో దించి దాని పక్కనే కూలబడింది.

మహారాజు ఆమెను చూశారు. మెల్లగా నూకరాజును అడిగారు, మా కోటకు వచ్చినవాళ్ళందరూ ఇళ్ళకు ఎలా పోతున్నారని. నూకరాజు దాచలేదు. గంగులయ్య తంబూరా సంగతి చెప్పాడు, చెప్పులు అమ్ముకుని ఎండలో నడిచిపోయినవాడి సంగతి చెప్పాడు, తన విత్తనాల బస్తా సంగతీ చెప్పాడు. మహారాజు దివాను వైపు తిరిగారు. దివానుగారు చాలా శ్రద్ధగా తన బొటనవేలు చూసుకుంటున్నారు.

"ప్రస్తుతం మా దగ్గర ఇవ్వడానికేమీ లేదు," అన్నారు మహారాజు చిట్టెమ్మతో. ఆ మాట ఆయన జన్మలో మొదటిసారి అన్నారేమో, నాలుకకు కొత్తగా ఉంది. "మాట తప్ప."

చిట్టెమ్మ అల్లుడి వైపు చూసింది. "అయితే ఒక పని ఉంది దొరా. మా అల్లుడు కథ మధ్యలో ఆపేశాడు. ఇంట్లో ఊఁ కొట్టే మా ముసలాయన పోయాడు, పొద్దంతా మోకు లాగి మా గొంతులు ఎండిపోయాయి. తమరు ఊఁ కొట్టండి. బాగుంటే కూడూ పెడతాం, పొద్దున్నే మోకూ లాగుతాం. ముందు కొట్టి చూపించండి, నచ్చితే చెబుతాం."

దివానుగారు ఉలిక్కిపడి, ఆ ఊఁ ఏదో తానే కొడతానని ముందుకొచ్చారు. చిట్టెమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. "తమరి ఊఁలు ఏటి మలుపు నుంచీ వింటూనే ఉన్నాం. గేదె ఈనుతోందేమోనని మా వాళ్ళు దీపం తీసుకుని పరిగెత్తారు. తమరు కూర్చోండి."

తండేలు నవ్వు దాచుకోవడానికి చుక్కాని వెనక్కి వంగాడు.

మహారాజు కాసేపు ఏటిని చూశారు, పొగ వస్తున్న పొయ్యిని చూశారు. ఇసుకలో కూర్చున్నారు. నూకరాజు కథ కాస్త వెనక నుంచి ఎత్తుకున్నాడు, షావుకారు వస్తాదుల్ని పిలిచిన దగ్గర్నుంచి.

మహారాజు మొదటి ఊఁ తీర్పు చెప్పినట్టు వచ్చింది. "ఇది కాదు," అంది చిట్టెమ్మ. "అలా అంటే చెప్పేవాడికి శిక్ష వేసినట్టుంటుంది." రెండోది గొంతులో ముల్లు దిగినట్టు వచ్చింది. "ఊఁహూ. నాభిలోంచి రావాలి బాబూ. తరవాతేమైందోనన్న ఆత్రం ఉండాలి." ఎగువ దిగువల్లో ఇరవై ఊళ్ళు ఏలే మహారాజు ఊఁ అనే ఒక్క అక్షరం దగ్గర చెమటలు కక్కుతున్నారు.

వస్తాదులు మోకు లాగుతున్నారన్నాడు నూకరాజు. నూతి వరల మీదికి రెండు చేతులు వచ్చాయి. ఆ చేతులకు మట్టి. ఆ తర్వాత తల వచ్చింది. బురద కొట్టుకున్న తల.

"ఊఁ!" అన్నారు మహారాజు. తనకు తెలియకుండానే అన్నారు. "ఎవరది? నాగకన్యా?"

"కాదు ప్రభూ. నుయ్యి తవ్వినవాడు. నీళ్ళు పడ్డాయన్న సంబరంలో మేళం పెట్టారు, పప్పన్నం వడ్డించారు. తవ్వడానికి దింపినవాణ్ణి పైకి లాగడం మాత్రం మరిచిపోయారు. పాపం వాడు నూతి లోపల, నీళ్ళకు పైన వర అంచు మీద నిలబడి, గుర్తు చేద్దామని ఒకరోజు అన్నం గుడ్డ, ఒకరోజు తలపాగా, ఒకరోజు గునపం చేదలో పెట్టి పంపుతూ వచ్చాడు."

మహారాజు భుజాలు కదిలాయి. కోపమేమోనని దివానుగారు వెనక్కి జరిగారు. కోపం కాదు, నవ్వు. ఇసుకలో వెనక్కి పడి, కిరీటం జారిపోయి, కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వారు. "ఆ తలపాగా పెట్టుకుని ఊరేగినవాణ్ణి నేనే కదూ," అంటూ మళ్ళీ నవ్వారు. మేము అనే ఆయన నేను అన్నారని తండేలు తర్వాత ఊరంతా చెప్పుకున్నాడు.

నవ్వు తగ్గాక లేచి కూర్చుని మహారాజు మాట ఇచ్చారు. నూకరాజుకు కొలువు ఆ క్షణం నుంచీ ఖాయం. సత్తెమ్మకు రేపు కోట చేరగానే గాదె నుంచి విత్తనాలు, దుక్కి ఆరకముందే దిగువ పడవలో రావాలి. గంగులయ్య తంబూరా ఎక్కడున్నా వెతికి తిరిగి కొని చేతికివ్వాలి. ఇక మీదట కోటకు పిలిచిన ప్రతివాడికీ రానూ పోనూ బత్తెం, ఒక పూట భోజనం. ఈ మాట డప్పు మీద చాటించాలి, అదీ దివానుగారే స్వయంగా డప్పు మెడలో వేసుకుని వీధి వీధీ తిరిగి చాటాలి. ఊఁ కొట్టీ కొట్టీ ఆయన గొంతుకు ఎలాగూ సాధన అయి ఉంది.

"సత్తెమ్మా, ఆకులు వెయ్యవే," అంది చిట్టెమ్మ. "దొర ఊఁ నాకు నచ్చింది."

సత్తెమ్మ అప్పటికే అరటాకులు కోస్తోంది. ఇసుకలో ఒకటే బంతి వేశారు. మహారాజుకు పీట తెస్తానని దివానుగారు అటూ ఇటూ చూస్తుంటే, మహారాజు తండేలు పక్కన బాసింపట్టు వేసుకుని కూర్చుండిపోయారు. ఆ పక్కన తెడ్లవాళ్ళు, మోకు ముఠా, ఆ చివర దివానుగారు. ఎర్రబియ్యం అన్నం, చింతచిగురు వేసిన రొయ్యల ఇగురు, వేయించిన మజ్జిగ మిరపకాయలు. దివానుగారికి రొయ్యలు పనికిరావు కాబట్టి ఆయన ఆకులో వంకాయ పచ్చడి వేశారు. నూకరాజు అందరికన్నా చివర, పెళ్ళాం పక్కన కూర్చున్నాడు. సత్తెమ్మ అతని ఆకులో ఇంకో గరిటె ఇగురు వేసింది.

మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని మహారాజు కళ్ళు మూసుకున్నారు.

"ఇంకాస్త అన్నం వెయ్యమంటారా దొరా?" అని అడిగింది చిట్టెమ్మ.

"ఊఁ," అన్నారు మహారాజు, నోటి నిండా ముద్దతో. ఈసారి నాభిలోంచే వచ్చింది.